తుపాకీ బాబాయిలకి వంటింట్లో ఏం పని?

1963 నవంబర్ 27న విడుదలైన ‘లె తోంతోన్ ఫ్లాంగర్’ సినిమా గురించి ఫ్రెంచివాళ్లని అడిగితే కథ చెప్పరు. డైలాగులు చెప్తారు, అదీ ఆ నటుడి గొంతు అనుకరిస్తూ. అదే సినిమాని సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూసిన బయటివాళ్లు మాత్రం గంటా నలభై అయిదు నిమిషాలు ఓపిగ్గా కూర్చుని, కొన్ని కాల్పులు, బోలెడు గుద్దులు, చివర్లో ఒక పెళ్లీ చూసి, ‘బాగానే ఉంది గానీ దీనికింత హడావుడి ఎందుకు?’ అని లేస్తారు. నాకు తెలిసి వాళ్లదేం తప్పు లేదు. ఈ సినిమాలో నవ్వు పుట్టే చోటు ఒకటైతే, కళ్లు చూసే చోటు ఇంకొకటి, ఆ రెంటికీ మధ్య ఫ్రెంచ్ భాష అనే గోడ ఉంది. గోడ కూలగొట్టలేం గానీ అవతల ఏం జరుగుతోందో చెప్పడం కుదురుతుంది.

పేరుకి అర్థం దాదాపుగా ‘తుపాకీ బాబాయిలు’. ఇంగ్లీషులో ‘మోస్యూ గ్యాంగ్‌స్టర్’ అనీ ‘క్రూక్స్ ఇన్ క్లోవర్’ అనీ రెండు పేర్లతో తిరిగింది, రెండూ చప్పగానే ఉన్నాయి. దర్శకుడు జార్జ్ లోట్నర్, మాటలు మిషెల్ ఓడియార్, మూలం ఆల్బేర్ సిమోనన్ నవల. ఈ ముగ్గురిలో ఎవరు లేకపోయినా సినిమా లేదు, కానీ అందరికీ గుర్తుండిపోయింది మాత్రం మాటలు రాసినాయనే.

ముందు కథ. అరవై ఏళ్లు దాటిన సినిమా కాబట్టి చివరిదాకా చెప్పేస్తున్నాను, తెలుసుకోవద్దనుకునేవాళ్లు ఈ రెండు పేరాలు వదిలేయండి. ఫెర్నాన్ నోదాన్ అనే మాజీ రౌడీ పాత జీవితానికి దండం పెట్టేసి, దక్షిణ ఫ్రాన్స్‌లోని మొంతోబాన్‌లో ట్రాక్టర్లూ వ్యవసాయ యంత్రాలూ అమ్ముకుంటూ పెద్దమనిషిలా బతుకుతుంటాడు. ‘మెక్సికన్’ అని అందరూ పిలిచే పాత దోస్తు లూయీ, ఏళ్ల తరబడి విదేశాల్లో తిరిగి తిరిగి చావడానికి పారిస్ వచ్చి ఇతనికి కబురు పెడతాడు. వెళ్లి మంచం పక్కన నిలబడగానే రెండు బరువులు నెత్తికెత్తుతాడు: తన వ్యాపారాలు, తన కూతురు పత్రీసియా. వ్యాపారాలంటే పడవలో నడిచే జూదశాల, ఒక వేశ్యాగృహం, ఒక దొంగసారా బట్టీ. వీటిని ఇన్నాళ్లూ నడిపిస్తున్న వోల్ఫోనీ అన్నదమ్ములు రౌల్, పాల్, సారా బట్టీ చూసుకునే తెయో అనే జర్మన్, ఎక్కణ్ణుంచో దిగిన ఈ ట్రాక్టర్ల వ్యాపారి కింద పనిచెయ్యాలంటే ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. మెక్సికన్ పోతాడు, తగాదా మొదలవుతుంది.

ఫెర్నాన్ మీద దాడులు జరుగుతుంటాయి. ఎవరు చేయిస్తున్నారంటే అందరి అనుమానమూ వోల్ఫోనీల మీదే. నోరు పెద్దది కాబట్టి రౌల్‌ని చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు, అందుకని ఫెర్నాన్ కనపడినప్పుడల్లా ముందు రౌల్ మొహం మీద ఒక్కటి గుద్ది ఆ తర్వాత మాట్లాడతాడు. నిజానికి చేయించేది తెయో. ఈ గొడవంతా ఒకవైపు నడుస్తుంటే ఇంకోవైపు పత్రీసియా ఇంట్లో పార్టీలు పెట్టుకుంటూ, ఆంత్వాన్ అనే కుర్రాణ్ణి ప్రేమిస్తుంటుంది. ఆ కుర్రాడు ఒక వింత సంగీతకారుడు, కారే కుళాయిల చప్పుడులో కొత్త సంగీతం వెతుకుతుంటాడు. చివరికి ఫెర్నాన్ తెయో లెక్క తేల్చి పెళ్లికి పరుగెత్తుకొస్తాడు, చర్చిలో మంత్రాలు నడుస్తుండగా బయట కారు పేలుతుంది. అంతే.

ఇంతే కదా కథ అనిపిస్తే సరిగ్గానే చూశారన్నమాట. ఎవరు ఎవర్ని ఎందుకు చంపబోయారో నాకు రెండోసారి చూసినప్పుడు కూడా సరిగ్గా గుర్తుండలేదు, గుర్తుండక్కర్లేదు కూడా. తుపాకులకి సైలెన్సర్లు బిగించి ఉంటాయి, అవి పేలితే ‘ప్లోక్’ మని సీసా బిరడా ఊడినట్టు చిన్న చప్పుడొస్తుంది, అంతే. మనుషులు చచ్చిపోతుంటారు గానీ ఆ చప్పుడుకి ఎవరూ ఉలిక్కిపడరు. లోట్నర్ కావాలనే అలా చేశాడు. కాల్పుల్ని ఒక తంతుగా మార్చేసి, అసలు దెబ్బలాటంతా నోటితో నడిపించాడు. ఈ సినిమాలో తుపాకీ పేలితే కథ ఒక్క అంగుళం కదులుతుంది, రౌల్ నోరు విప్పితే మాత్రం హాలంతా కదులుతుంది.

ఇప్పుడు మాటల సంగతి. సిమోనన్ పారిస్ ఉత్తరాన లా షపెల్ పేటలో 1905లో పుట్టినవాడు, టాక్సీ నడిపినవాడు, దొంగల మాట పుట్టుకతో తెలిసినవాడు. 1953, 1954, 1955లలో వరసగా మూడు నవలలు రాశాడు. మొదటిదాన్ని జాక్ బెకర్ 1954లో ‘తుషే పా ఓ గ్రిస్బీ’ పేరుతో తీశాడు, జాన్ గబాన్ హీరో. అది సీరియస్ సినిమా, ముసలితనం మీద పడుతున్న ఒక గ్యాంగ్‌స్టర్ అలసట గురించి. రెండోది 1961లో గబాన్‌తోనే ‘లె కావ్ స రెబిఫ్’ అయ్యింది, అప్పటికే కొంచెం హాస్యం చేరింది. మూడో నవల మన సినిమాకి మూలం, ఇక్కడికొచ్చేసరికి అది పూర్తిగా కామెడీ. తమాషా ఏమిటంటే పుస్తకాల్లో మూడింటికీ హీరో ఒక్కడే, మాక్స్ అనేవాడు. తెర మీద ఆ వరసేమీ మిగల్లేదు, పేర్లు మారాయి, స్వభావాలు మారాయి, ఒక సినిమా చూసినవాడికి రెండోది దాని చుట్టమని చెప్తేగాని తెలియదు.

సిమోనన్ ఫ్రెంచ్ ఎంత చిక్కదంటే మామూలు పారిస్ పాఠకుడికే అర్థాల పట్టిక కావాలి. 1957లో ఆయనే ఆ దొంగల మాటకి ఒక నిఘంటువు కూడా రాశాడు. దాన్ని ఉన్నదున్నట్టు తెర మీద పెడితే సగం దేశానికి అర్థం కాదు. ఓడియార్ చేసిన పని ఏమిటంటే, ఆ భాషలోంచి పదిహేను ఇరవై ఘాటైన మాటలు మాత్రం ఉంచి, మిగతాదంతా ఎత్తుకొచ్చాడు: లాయర్ల నోటీసుల్లోంచి, డాక్టర్ల చీటీల్లోంచి, దౌత్యవేత్తల ప్రకటనల్లోంచి, బడి పుస్తకాల్లోంచి. అలా ఏ రౌడీ ఏ వీధిలోనూ మాట్లాడలేదు. ఫ్రెంచివాళ్లు దాన్ని అసలైన దొంగల భాష అనుకుని మురిసిపోతుంటారు గానీ అది ఓడియార్ తన బల్ల దగ్గర కూర్చుని తయారుచేసిన భాష.

ఒక ఉదాహరణ చెప్తే తెలుస్తుంది. ఫెర్నాన్ చేత తన్నులు తిన్న రౌల్, మంచానపడి, దెబ్బలు తడుముకుంటూ తమ్ముడితో అంటాడు: పిచ్చోళ్లకి నేను వైద్యం చేస్తాను, వాడికో మందుల చీటీ రాస్తాను, గట్టి చీటీ, రౌల్ అంటే ఎవరో చూపిస్తాను, పారిస్ నాలుగు మూలలా చిన్న చిన్న ముక్కలై దొరుకుతాడు, పజిల్ మోడల్లో, నేనిక పేల్చేస్తాను. డాక్టరులా మొదలై బాంబుతో ముగుస్తుంది, మధ్యలో పిల్లల ఆట వస్తువు దూరుతుంది. తన్ని వెళ్లినవాడు ఎదురుగా లేడు, ఈయన లేచి నిలబడే స్థితిలో లేడు. రౌల్‌గా వేసిన బెర్నార్ బ్లియే ఇదంతా ఎక్కడా నవ్వకుండా, బ్యాంకు మేనేజర్ లోను ఎందుకు రాదో చెప్పినంత గంభీరంగా చెప్తాడు. ఆ ‘పజిల్ మోడల్’ అనే మాట ఇవాళ్టికీ ఫ్రెంచ్ పత్రికల శీర్షికల్లో, రాజకీయ నాయకుల ప్రసంగాల్లో కనపడుతుంది. మన ఇళ్లలో బ్రహ్మానందం డైలాగు ఎలా పడుతుందో అలాగే, సినిమా చూడనివాళ్లు కూడా వాడేస్తుంటారు.

ఫెర్నాన్ వాటా వేరే రకం. అతను తక్కువ మాట్లాడతాడు, కోపం తెచ్చుకునే ముందు మర్యాద పెంచుతాడు. పత్రీసియాకి ఆమె ప్రియుడి గురించి చెప్పేటప్పుడు, మైదానాల్లో తిరిగే మనిషి ఒక్కోసారి మోటుగా ఉన్నా మర్యాద తప్పడు అని పెద్ద పీఠిక వేసి, వెంటనే, నీ ఆంత్వాన్ నా బుర్ర తింటున్నాడు అనే అర్థం వచ్చే బూతుకి దగ్గరి మాట అనేస్తాడు. పై మెట్టు మీద నుంచి కింద మెట్టు మీదకి ఒక్కసారిగా జారడం, నవ్వు అక్కడుంది. సబ్‌టైటిల్ రాసేవాళ్లకి రెండు లైన్లే చోటు కాబట్టి మొత్తం ఒకే మెట్టు మీద పెట్టేస్తారు, జారడం పోతుంది, కాబట్టి నవ్వూ పోతుంది. సబ్‌టైటిల్స్‌తో చూసినవాళ్లు ఎందుకు నవ్వరు అనే ప్రశ్నకి సగం జవాబు ఇదే.

మిగతా సగం జవాబు ఆ కాలంలో ఉంది, నాకు ఎక్కువ ఆసక్తి ఉన్నది కూడా దానిమీదే. ఈ బాబాయిలు ఎందుకంత పెద్ద పెద్ద మాటలు మాట్లాడతారు? ఎందుకంటే వాళ్ల చేతిలో ఇంకేమీ మిగల్లేదు. మేడమ్ మాదో అని వేశ్యాగృహం నడిపే ఆవిడ ఫెర్నాన్‌కి లెక్కలు చెప్పే సీన్ చూడండి. ఫ్రాన్స్‌లో 1946లోనే చట్టం తెచ్చి వేశ్యాగృహాలు మూయించారు, అంటే ఆవిడ వ్యాపారం అప్పటికే పదిహేడేళ్లుగా చాటుమాటు వ్యవహారం. కానీ ఆవిడ గోడు పోలీసుల గురించి కాదు. ఇదివరకు పక్క వీధి నుంచి అలా వచ్చి పోయే ఖాతాదారు ఇప్పుడు ఇంట్లో టీవీ ముందు కూర్చుని క్విజ్ ప్రోగ్రాం చూస్తున్నాడట! పాపపు వ్యాపారాన్ని దెబ్బతీసింది పాపభీతి కాదు, ప్రభుత్వం కాదు, టీవీ పెట్టె. ఆవిడ ఆ మాటలు సంక్షోభం గురించి ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్ మాట్లాడినట్టు చెప్తుంది.

అదే ఏడాది జూన్ 22 రాత్రి పారిస్‌లోని నాసియోన్ కూడలిలో ఒక రేడియో కార్యక్రమం వాళ్లు ఉచిత కచేరీ పెడితే దాదాపు లక్షన్నర మంది కుర్రకారు పోగై ఊరు స్తంభించిపోయింది. పెద్దవాళ్లు బిత్తరపోయారు, ఇంతమంది పిల్లలు ఎక్కణ్ణుంచి వచ్చారని. పత్రీసియా ఇంట్లో ట్విస్టు డాన్సు చేసే ఆ గుంపు సరిగ్గా వాళ్లే. సినిమాలో అసలు తగాదా ఫెర్నాన్‌కీ తెయోకీ మధ్య అని పైకి కనపడుతుంది గానీ, బాబాయిలు నిజంగా ఓడిపోయేది ఈ పిల్లల చేతిలో. వాళ్ల దగ్గర తుపాకుల్లేవు. హాలు ఆక్రమించేస్తారు, విస్కీ ఖాళీ చేసేస్తారు, అంతే.

అందుకే వంటింటి సీన్. ఈ సినిమా అంటే ఆ సీనే.

పార్టీ నడుస్తోంది. ఫెర్నాన్, నోటరీ ఫొలాస్, నౌకరు జాన్ వంటింట్లో చేరి మంచి మందు పిల్లల చేతికి చిక్కకుండా కాపలా కాస్తున్నారు. ఇంతలో లెక్క తేల్చుకుందామని వోల్ఫోనీ అన్నదమ్ములు తుపాకులతో దిగుతారు. ఇంటినిండా పిల్లలున్నారు, కాల్చడానికి వీల్లేదు. పనేమీ లేక ఏం చేస్తారంటే, పిల్లల పార్టీ కోసం బ్రెడ్డు ముక్కలకి వెన్న రాస్తూ కూర్చుంటారు. తలకి టోపీలు, పక్కన తుపాకీ, చేతిలో వెన్న కత్తి. రౌల్ వెన్న రాస్తూ రాస్తూ ఒక ఆలోచన చెప్తాడు: ఈ రోజుల్లో యుద్ధవీరుల కన్నా దౌత్యవేత్తలదే పైచెయ్యి అయినట్టుంది, కాలం రౌండ్ టేబుళ్లదీ ఉద్రిక్తతల సడలింపుదీ, ఏమంటావ్? పాల్ కాదనడు. ఆ తర్వాత రౌల్‌కి గుర్తొస్తుంది, అవునూ మనం వచ్చింది శాండ్‌విచ్‌లకి వెన్న రాయడానికి కాదు కదా అని.

1963లో ఆ మాట విన్న ప్రేక్షకుడి చెవికి అది ఎలా తగిలి ఉంటుందో ఊహించండి. ఏడాది కిందట అక్టోబరులో క్యూబా క్షిపణుల గొడవతో ప్రపంచం అణుయుద్ధం అంచుదాకా వెళ్లొచ్చింది. జూన్‌లో మాస్కో, వాషింగ్టన్ మధ్య నేరుగా సందేశాలు పంపుకునే లైను పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు, ఆగస్టులో అణుపరీక్షల మీద ఒప్పందం కుదిరింది. దాన్ని వంటింట్లో ఇద్దరు రౌడీలు వెన్న రాస్తూ విశ్లేషిస్తున్నారు. ఇంకా దగ్గరి సంగతి కూడా ఉంది. అల్జీరియా 1962 జూలైలో స్వతంత్రమైంది, అంతకుముందు నెలల్లో ఆ స్వతంత్రం వద్దన్న ఫ్రెంచ్ రహస్య దళం పారిస్‌లోనే ఇళ్ల గుమ్మాల ముందు ప్లాస్టిక్ బాంబులు పేల్చింది. నాలుగు మూలలా ముక్కలు చేస్తా, పేల్చేస్తా అని రౌల్ అంటే అది ఉత్త అతిశయోక్తి అనిపించడానికి ఊరికి కాస్త వ్యవధి కావాలి కదా, రెండేళ్లు కూడా కాలేదు. ఆ భయాన్ని జనం నవ్వుతో వదిలించుకున్నారని నేను అనుకుంటాను. ఇది నా ఊహే, సినిమాలో ఎవరూ ఆ దళం పేరెత్తరు.

తిరిగి వంటింటికి. మంచి మందు అయిపోయింది, పిల్లలు లాగేశారు. మిగిలింది ఒక్క సీసా, మెక్సికన్ పాత రోజుల్లో కాయించిన సారా. దాన్ని బయటికి తియ్యగానే నౌకరు, ఏంటి, ఆమ్లం బయటికి తీశారా అంటాడు. తాగుతారు. ఒక్కొక్కరి మొహం మారిపోతుంది, కళ్లలో నీళ్లు, గొంతు పట్టేస్తుంది, కానీ ఎవరూ ఒప్పుకోరు. మోటుగా ఉందని ఒకరు, వింతగా ఉందని ఇంకొకరు, చాలా మర్యాదగా, పెళ్లివిందులో వైన్ గురించి మాట్లాడుకున్నట్టు. పాల్‌కి ఆపిల్ రుచి తగులుతుంది. ఆపిల్ ఉందంటారు. ఇంకేదో కూడా ఉంది, బీట్‌రూట్ కాదు కదా? అదీ ఉందంటారు. దీన్ని పొద్దున్నే ఫలహారంతో తాగే పోలండు అమ్మాయి ఒకతె తనకి తెలుసంటాడు ఫెర్నాన్. తాగినవాళ్లకి కళ్లు పోతుండడంతో తయారీ ఆపాల్సొచ్చిందనే సంగతి కూడా మధ్యలో మామూలుగా దొర్లిపోతుంది.

ఆ మత్తులో పాత జ్ఞాపకాలు మొదలవుతాయి. సైగాన్ దగ్గర బియెన్ హోవాలో ఒక చిన్న అడ్డా, ఎర్ర తలుపుల కిటికీలు, దాన్ని నడిపిన తెల్లజుట్టు కాదు, బంగారు జుట్టు ఆవిడ, పేరేంటబ్బా... లూలూ. అందరికీ ఒకేసారి గుర్తొస్తుంది, అందరూ ఒకేసారి మెత్తబడతారు. ఇండోచైనా యుద్ధం 1954లో ఫ్రాన్స్ ఓటమితో ముగిసింది. వీళ్ల యౌవనం, వీళ్ల వ్యాపారం, వీళ్ల సామ్రాజ్యం అన్నీ అక్కడ ఉన్నాయి, ఇప్పుడు ఏదీ లేదు. ఒకర్నొకరు చంపుకోవడానికి వచ్చిన అయిదుగురు, పోయిన ఒక వేశ్యాగృహాన్ని తల్చుకుని ఏడవడానికి సిద్ధమవుతారు. ఈ సీన్ అక్కర్లేదని ఓడియార్ అనుకున్నాడనీ, ఒక పాత హాలీవుడ్ గ్యాంగ్‌స్టర్ సినిమా మీద గౌరవంతో లోట్నర్ పట్టుబట్టి ఉంచాడనీ చెప్తారు. కథ ప్రకారం చూస్తే ఓడియార్ చెప్పిందే సరైంది, ఇది తీసేసినా కథకి చిల్లు పడదు. సినిమా మాత్రం ఉండేది కాదు.

లోట్నర్ దీన్ని తీసిన తీరు గురించి ఒక్క మాట. ఆయన కెమెరా మాట్లాడేవాడి మీద ఆగదు, వినేవాడి మొహం మీదకి దూకుతుంది. దగ్గర షాట్లు, చకచకా కత్తిరింపులు. భాష రానివాళ్లకి ఇదే దారి: రౌల్ మాట్లాడుతున్నప్పుడు పాల్‌ని చూడండి. పాల్‌గా వేసిన జాన్ లెఫేవ్ర్‌కి డైలాగులు తక్కువ, కళ్లు మాత్రం తడిసిన కుక్కపిల్ల కళ్లు, వాటితోనే పని కానిచ్చేస్తాడు.

నటుల ఎంపిక వెనక కూడా చిన్న కథ ఉంది. ఫెర్నాన్ పాత్రకి ముందు అనుకున్నది గబాన్‌నే. ఆయన తన మనుషులే యూనిట్‌లో ఉండాలన్నాడు, లోట్నర్ తన బృందాన్ని వదలనన్నాడు, కుదరలేదు. దాంతో లీనో వెంతూరా వచ్చాడు. ఇటలీలోని పార్మాలో పుట్టి ఫ్రాన్స్‌లో పెరిగిన కుస్తీ పట్ల వీరుడు. రింగులో కాలు విరిగి ఆట మానేశాక, 1954లో గబాన్ పక్కన ‘తుషే పా ఓ గ్రిస్బీ’తోనే సినిమాల్లోకి వచ్చాడు. కామెడీ తన వల్ల కాదని భయపడ్డాడు. ఆ భయమే మంచిదైంది, ఎందుకంటే ఆయన నవ్వించడానికి ప్రయత్నించడు, నిజంగా విసుక్కుంటాడు. ఇంకో విచిత్రం, ఆ కాలు విరగ్గొట్టిన ప్రత్యర్థి ఆన్రీ కోగాన్ కూడా ఈ సినిమాలో ఒక రౌడీగా ఉన్నాడు. ఇద్దరూ ఒకే ఫ్రేములో కనపడినప్పుడు ఆ సంగతి తెలిసి చూస్తే ఆ మజాయే వేరు.

జర్మన్, ఇటాలియన్ డబ్బు కలిసిన సినిమా కావడంతో కొన్ని పాత్రలు అటువైపు వెళ్లాయి. పత్రీసియాగా జర్మన్ నటి సబీనె సిన్యెన్, తెయోగా హోర్స్ట్ ఫ్రాంక్, ఫెర్నాన్ అంగరక్షకుడు పాస్కల్‌గా ఇటలీ నటుడు వెనాంతీనో వెనాంతీని. లెక్కల కోసం చేసిన ఏర్పాటే అయినా తెయో జర్మన్ కావడం కథకి కలిసొచ్చింది, యుద్ధం అయి పద్దెనిమిదేళ్లే కదా.

సంగీతం మిషెల్ మాన్య్. సినిమా మొత్తానికి ఒకే ఒక్క చిన్న బాణీ, దాన్నే బాంజో మీద, జాజ్‌లో, ట్విస్టులో, చివరికి చర్చి సంగీతంలా కూడా తిప్పుతాడు. ఆంత్వాన్ కుళాయిల సంగీతాన్ని ఎగతాళి చేసే సినిమాకి సంగీతం చేసినాయన, 1950లలో స్వయంగా ప్రయోగాత్మక సంగీతం చేసి జనాన్ని హడలగొట్టినవాడే. అంటే ఆ వెక్కిరింతలో సగం తన మీద తనే వేసుకున్నాడు. 1962లో ఆయన కొన్న ఎరూవీల్ కోటే తర్వాత రికార్డింగ్ స్టూడియో అయ్యి, ఎల్టన్ జాన్, డేవిడ్ బోవీ లాంటివాళ్లని రప్పించింది.

ఇక విమర్శకుల సంగతి. అప్పట్లో ఫ్రాన్స్‌లో సీరియస్‌గా సినిమా గురించి రాసేవాళ్లకి దేవుళ్లు వేరే: గొదార్, త్రూఫో, ఆ కొత్త కెరటం కుర్రాళ్లు. స్టూడియో సెట్లు, పేరున్న నటులు, చెక్కిన డైలాగులు, ఇవన్నీ ‘నాన్నగారి సినిమా’ అని త్రూఫో తరం తిట్టిపోసిన సరుకు. ఓడియార్ ఆ సరుకు అమ్మే కొట్టులో అతి పెద్ద పేరు. ఆ ఏడాదే ఆయన గబాన్, అలెన్ దెలోన్‌లతో వచ్చిన ఒక సీరియస్ దోపిడీ సినిమాకి కూడా మాటలు రాశాడు, అదీ హిట్టే. మన సినిమాకి ముప్పై మూడు లక్షలకి పైగా టికెట్లు తెగాయి, మంచి హిట్టు, కానీ ‘కళాఖండం’ అని ఎవరూ అనలేదు. ఆ హోదా తెచ్చింది టీవీ. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వేశారు, కుటుంబాలు కలిసి చూశాయి, తండ్రి నోటి డైలాగు కొడుకు నోటికొచ్చింది. మేడమ్ మాదో శపించిన ఆ పెట్టే ఆవిడని చిరంజీవిని చేసింది.

ఒకటి దాచకుండా చెప్పాలి. ఫ్రాన్స్‌లో ఈ సినిమా మీద వచ్చే వ్యాసాల్లో ఎక్కువ భాగం ఆరాధనే, నాకది కొంచెం ఇబ్బంది. సిమోనన్ జర్మన్ ఆక్రమణ కాలంలో వాళ్లకి అనుకూలమైన ప్రచార పని చేసి, యుద్ధం తర్వాత జైలుకెళ్లాడు. ఓడియార్ అదే కాలంలో ఆక్రమణకి కొమ్ముకాసే పత్రికలో యూదుల మీద ద్వేషం కక్కే రాతలు రాశాడని 2017లో బయటపడింది, ఆయన చనిపోయిన ముప్పై రెండేళ్లకి. ఈ సంగతి తెలిశాక వంటింటి సీన్ చూస్తే, గతం గురించి మాట్లాడే ఆ తీరు ఇంకోలా వినపడుతుంది. అందరికీ గతం ఉంది, ఎవరూ ఏం చేశారో చెప్పరు, అడగరు, తమాషా జ్ఞాపకాలు మాత్రం పంచుకుంటారు. కళ్లు పోయిన ఖాతాదారులు కూడా ఒక జోకే. అప్పటి ఫ్రాన్స్ సగం అలాగే బతికింది. సినిమా దాన్ని విమర్శిస్తోందని నేను అనను, ఓడియార్‌కి ఆ ఉద్దేశం ఉందనీ అనుకోను, కానీ తెలిసో తెలియకో ఆ మౌనాన్ని భలే పట్టుకుంది. ఆడవాళ్ల విషయంలో కూడా సినిమా మోటే. మాదో ఒక్కతే ఒక సీను పాటు మనిషిగా మాట్లాడుతుంది, పత్రీసియా పెళ్లి చేసి పంపాల్సిన బరువు మాత్రమే. తెయోనీ అతని పక్కన ఉండే కుర్రాణ్ణీ చూపించే తీరులో ఉన్న వెకిలితనం ఇవాళ గుచ్చుకుంటుంది.

అన్నట్టు ఈ ఓడియార్ కొడుకే జాక్ ఓడియార్, ‘దీపన్’ తీసి 2015లో కాన్ చిత్రోత్సవంలో అన్నిటికన్నా పెద్ద బహుమతి పామ్ దోర్ గెలిచినాయన. శ్రీలంక నుంచి పారిస్ శివారుకి వచ్చిన తమిళ శరణార్థుల కథ అది, డైలాగుల్లో ఎక్కువ భాగం తమిళం. తండ్రి పారిస్ రౌడీల నోట్లో ఫ్రెంచ్ పెట్టి గెలిస్తే, కొడుకు పారిస్ రౌడీల మధ్య తమిళం పెట్టి గెలిచాడు.

చూడాలనుకునేవాళ్లు ముందు బెకర్ ‘తుషే పా ఓ గ్రిస్బీ’ చూసి దీనికి రండి. ఆ సినిమాలో గబాన్ ఎంత సీరియస్‌గా రస్కుల మీద మాంసం ముద్ద (పాతే) రాసుకుని తింటాడో చూశాక, ఇక్కడ వెన్న రాసే రౌల్ రెట్టింపు నవ్విస్తాడు. సబ్‌టైటిల్స్ ఇంగ్లీషువే దొరుకుతాయి, మొదటిసారి వాటిని చదువుతూ చూడండి, వంటింటి సీన్ మాత్రం ఇంకోసారి సబ్‌టైటిల్స్ తీసేసి వినండి. ఇదే బృందం మరుసటి ఏడాది ‘లె బార్బూజ్’ అని గూఢచారుల కామెడీ తీసింది, వెంతూరా, బ్లియే, నోటరీ వేసిన ఫ్రాన్సిస్ బ్లాంష్ అందరూ ఉన్నారు. సరదాగానే ఉంటుంది గానీ దీని పక్కన నిలబడదు, అక్కడ అందరికీ తాము నవ్విస్తున్నామని తెలిసిపోయింది.